పిడికిలి కొలత

మొదటి కత్తి బస్టాండు కాడ కొన్నా, నూటా ఇరవై.
అద్దం మాదిరి మెరిసేది.
మడిస్తే బొటనవేలంత, తీస్తే టిక్కుమనేది.
పిడిలో ఒక దిక్సూచి కూడా.
ఎప్పుడు చూసినా అది
కంబదూరు పక్కే ఉత్తరమనేది.

మూడో రోజు సర్కారుతుమ్మ కొమ్మ మీద వేస్తే
కొమ్మ కదల్లే, కత్తి విరిగింది.
మొన ముక్క యాడ పడిందో కనపడలే.
పొద్దుగుంకే దాకా
గొర్రెల గిట్టలే చూసుకుంటా తిరిగినా.

రెండోది మా బావ వన్నూరప్ప పాత మచ్చు.
ఇనుము మంచిదే, అబద్ధమెందుకు.
పిడి మాత్రం ఆయన గుప్పిటకు పుట్టింది.
నా చేతిలో గిర్రున తిరిగేది,
చెమట పడితే చేప.
ఎడమచేతి చూపుడువేలు మీద ఈ గీత చూడు,
దాని సంతకమే.

అందుకని కళ్యాణదుర్గం పోయినా.
లారీలు విప్పే షెడ్ల వెనక
దస్తగిరి కొలిమి.

"మీ ఇంటాయనకా మా?"
"నాకే."
"కూరగాయల కత్తులైతే అవతల అంగట్లో..."
"కూరగాయలకు కాదు.
తుమ్మకాయ కొట్టల్ల.
పాపాసుకళ్ళి ముల్లు గీకల్ల.
గిట్ట పెరిగితే చెక్కల్ల.
నడిరేయి వానలో గొర్రె ఈనితే
పిల్ల బొడ్డు కోయల్ల.
కట్టె చీల్చల్ల, తాడు తెంపల్ల,
సంగటిలోకి ఉల్లిగడ్డ కూడా కోయల్ల.
ముప్పై రెండు తలకాయలు, పొదుపు సంఘం అప్పు.
ఇంగో కత్తికి దుడ్డు లేదు. ఒకటే కావల్ల."

తిత్తి తిప్పడం ఆపినాడు.

"అయితే మెరుపు చూడొద్దు, చెవి పెట్టు."
గోటితో ఒకదాన్ని మీటినాడు,
కంగుమని చాలాసేపు పలికింది.
ఇంకోదాన్ని మీటినాడు,
పగిలిన కుండ.
"ఇది గోడకు తగిలించుకునే వాళ్ళకిస్తా."

"ఇదీ లారీ కమాను పట్టీ.
ఎన్నేండ్లు గ్రానైటు మోసిందో
వంగింది, లేచింది, వంగింది.
విరగడం దానికి ఎవరూ నేర్పలే.
తోక చూడు, పిడి చివరి దాకా వచ్చిందా?
సగంలో ఆగిన తోక
గట్టిగా కొట్టిన రోజే ఊడుతుంది.
రివిట్లు మూడు.
రెండు చాలనేవాడు కత్తి పట్టనోడు.
తుప్పు పడుతుంది, ముందే చెప్తాండా.
పని అయినాక తుడిచి
శెనక్కాయ నూనె ఒక చుక్క.
పిల్లోళ్ళ తలకు పెట్టినట్టే."

నాలుగు వందలన్నాడు.
మూడొందలకు మించి చీరకొంగులో లేదన్నా.
ఉండాది. యాభై ఉండాది, బస్సుకు.
ఆయనకు తెలిసిపోయింది.
"మూడొందలియ్యి. పిడి నీ చేతికి చేసిస్తా."

కొలిమి గోడకు పూసే ఎర్రమన్ను
తడి ముద్ద నా చేతిలో పెట్టినాడు.
"పట్టు. పీక పిసికినట్టు కాదు,
గొర్రె చెవి పట్టినట్టు."

పట్టినా.
వేళ్ళు తీసి చూస్తే
నాలుగు గుంటలు, అరచేతి గీతలు,
ఆ పాత గాయం గీత కూడా అచ్చు పడింది.
నలభై మూడేండ్లు నిండినాయి.
గాజులాయన తప్ప
నా చెయ్యి ఎంతుందని ఎవరూ అడగలే.
ఆయన కూడా గాజు ఎక్కుతాదా లేదా అనే చూసినాడు.

దస్తగిరి ఆ మన్ను ముద్దను
చెక్క మీద పెట్టి, పెన్సిలుతో గీసి,
తుమ్మచేవ చెక్కినాడు.
టీ ఇప్పించినాడు, దుడ్డు తీసుకోలే.
అరగంటన్నది మూడు గంటలు పట్టింది.
బస్సు పోయింది.

రెండు వానాకాలాలు దాటినాయి.
కత్తి ఇప్పుడు నల్లగా, నా మొహం మాదిరే.
మొనకు రెండంగుళాల ఇవతల ఒక గాటు,
అది నా తప్పు, చీకట్లో బండను కొట్టినా.
బోరు కాడి రాతి మీద నూరితే
మళ్ళా వెంట్రుక తెగుతాండాది.

నిన్న మా బావ అడిగి తీసుకపోయినాడు,
కంచె కొట్టుకోవాలని.
మధ్యాన్నానికే తెచ్చి అరుగు మీద పెట్టినాడు.
"ఇనుము బంగారం. పట్టే కుదర్లే.
పిడి మరీ చిన్నగా చేసినాడే వాడు."

"చిన్నగా లేదు బావా," అని
నూనె బుడ్డి తీసినా.